పది బై పది గదికి 48 వేల సబ్ వూఫరా?

ప్రశ్న: యూసుఫ్‌గూడలో అద్దె ఇంట్లో ఒక గదిని స్టూడియో చేసుకుని చిన్న సినిమాలకు సంగీతం చేస్తున్నాను. ఐదంగుళాల మానిటర్ స్పీకర్లున్నాయి. గది పది బై పది, నా టేబుల్ మధ్యలో ఉంటుంది. నాకు ఇక్కడ బేస్ వినిపించదు, క్లయింట్లేమో బేస్ ఎక్కువైందని వెనక్కి పంపుతున్నారు. 48 వేల సబ్ వూఫర్ (కింది స్వరాల కోసం వేరే స్పీకర్) 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో దొరుకుతోంది. ట్యాక్స్‌లోనూ కలిసొస్తుందని ఫ్రెండ్ అన్నాడు. రిటర్న్ ఆదాయపు పన్ను సెక్షన్ 44ఏడీఏ కింద వేస్తున్నాను. నెలకు సగటున 40 వేలు వస్తాయి, ఒక్కో నెల ఏమీ రాదు. ఖర్చు 28 వేలు, బ్యాంకులో 70 వేలున్నాయి. కొనమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. కాలేజీ రోజుల్లో బేస్ గిటార్ వాయించినవాణ్ని కాబట్టి ముందు మీ గది సంగతే చెబుతాను.

పదడుగుల దూరంలో ఎదురెదురు గోడలుంటే సుమారు 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడిపోతుంది. బేస్ గిటార్ ‘ఎ’ తీగ మోగేది 55 దగ్గర. ఆ స్వరం గోడల దగ్గర గుయ్యిమంటుంది, గది నడిమధ్యలో దాదాపు మాయమవుతుంది. గది చదరంగా ఉంటే పొడవులోనూ వెడల్పులోనూ అదే తంతు. మీరు కూర్చుంటున్నది సరిగ్గా అక్కడే! వినిపించక బేస్ పెంచుతున్నారు, అది క్లయింటు కారులో బద్దలవుతోంది. సబ్ వూఫర్ (సబ్) పెట్టినా ఆ గుంట పూడదు. 56 హెర్ట్జ్ టోన్ (ఆగకుండా మోగే ఒకే స్వరం) పెట్టి గదంతా నడిచి చూడండి. కుర్చీ, టేబుల్ ఒకటి రెండడుగులు జరిపితే పైసా ఖర్చు లేకుండా సగం తేడా తెలుస్తుంది. ఆ తర్వాత మూలల్లో మందపాటి రాక్‌వూల్ (రాతి పీచు) ప్యానెళ్లు వడ్రంగితో చేయించుకోండి, 15 వేలు దాటకుండా. అంగుళం మందం ఫోమ్ ముక్కలు ఈ పనికి రావు.

ఇక మీ ఫ్రెండ్ లెక్క. 44ఏడీఏలో మీ రాబడిలో సగాన్ని లాభంగా చూపిస్తారు. ఖర్చులూ తరుగుదలా అన్నీ మిగతా సగంలోనే ఉన్నట్టు లెక్క. సబ్ కొన్నా కొనకపోయినా పన్ను అంతే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే బిల్లులో కట్టిన జీఎస్టీ కూడా వెనక్కి రాదు.

నో కాస్ట్ అంటారు గానీ, బ్యాంకు వేసే వడ్డీని దుకాణం డిస్కౌంటుగా తగ్గిస్తుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీకే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే. అవి చిన్నవే. నా భయం నెలకు 4 వేల వాయిదా గురించి. నిర్మాత డబ్బు ఆలస్యమైన నెలలో కార్డు బిల్లు నిలిచిపోతే, నెలకు మూడు శాతం పైనే వడ్డీ పడే కార్డులున్నాయి. మీ 70 వేలు రెండున్నర నెలల ఖర్చుకే సరిపోతాయి. రాబడి నిలకడ లేనివాళ్ళకు ఆరు నెలలది ఉండాలంటాను, అంటే 1,68,000.

అదే 4 వేలు డబ్బొచ్చిన నెలల్లో పక్కన వేయండి. కుర్చీ జరిపాక, ప్యానెళ్లు పెట్టాక కూడా కింది స్వరాలు అందకపోతే, తెలిసినవాళ్ళ సబ్ ఒక ఆదివారం తెచ్చుకుని పరీక్షించండి. ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్ శబ్దాన్ని స్పీకర్లకు పంపే పెట్టె) నుంచి రెండు కేబుళ్లు సబ్‌కి, సబ్ అవుట్‌పుట్ నుంచి రెండు స్పీకర్లకి. అంటే ఇంకో రెండు బ్యాలెన్స్‌డ్ (గురగుర తగ్గించే) కేబుళ్లు కావాలి, బడ్జెట్‌లో రాసుకోండి. క్రాసోవర్, అంటే సబ్‌కీ స్పీకర్లకీ స్వరాలు పంచే హద్దు, 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. అదే 80 హెర్ట్జ్ టోన్ పెట్టి ఫేజ్ స్విచ్ (సబ్ శబ్ద తరంగాన్ని తలకిందులు చేసే మీట) అటూ ఇటూ తిప్పి, మీ కుర్చీలో ఎటు గట్టిగా వినిపిస్తే అటు ఉంచండి. సబ్ ఎక్కడ పెట్టాలో తేలకపోతే, దాన్నే మీ కుర్చీ స్థానంలో పెట్టి మోగించి, మీరు నేలమీద పాకుతూ బేస్ సమంగా వినిపించే చోటు వెతకండి. పైన ఓనరుగారు ఉంటే పగటిపూటే ఈ పని పెట్టుకోండి.