పక్కింటి కుక్క గొలుసు విప్పి తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్, ఉప్పల్. పక్కింటివాళ్లు ల్యాబ్రడార్‌ను రెండు నెలలుగా మేడ మీద పొట్టి గొలుసుతో కట్టేసి ఉంచారు. వారంలో మూడు నాలుగు రోజులు తాళం వేసి ఊరెళ్తారు. నీళ్ల గిన్నె ఎండిపోయి ఉంటుంది. మెడ మీద పుండుకు ఈగలు ముసురుతున్నాయి. అడిగితే 'మా కుక్క, మా ఇష్టం' అంటున్నారు. పోలీసులేమో ఇలాంటివాటికి కేసు కట్టలేమన్నారు. గోడ దూకి కుక్కను తెచ్చేసుకుంటే తప్పా?

జవాబు: ఆ పని చేయకండి. చట్టం దృష్టిలో కుక్క మీ పక్కింటాయన ఆస్తి. గోడ దూకితే భారతీయ న్యాయ సంహిత 329 కింద అక్రమ ప్రవేశం, తెచ్చేసుకుంటే 303 కింద దొంగతనం అంటూ ఆయనే ముందు స్టేషన్‌కు వెళ్తాడు. ఆ కేసులు నిలబడతాయా లేదా అన్నది తర్వాతి మాట, స్టేషన్ చుట్టూ తిరిగేది మాత్రం మీరు.

అలాగని 'మా ఇష్టం' అన్న మాటా చెల్లదు. జంతు హింస నివారణ చట్టం, 1960 ప్రకారం కర్ర ఎత్తితేనే హింస కాదు. సెక్షన్ 11(1)లో మూడు క్లాజులు మీ పక్కింటాయనకు సరిపోతాయి. మరీ పొట్టిదో బరువైనదో అయిన గొలుసుతో గంటల తరబడి కట్టేయడం (ఎఫ్), ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం (జి), చాలినంత తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం (హెచ్).

ఇక శిక్ష సంగతి. మొదటి నేరానికి 10 నుంచి 50 రూపాయల జరిమానా. అవును, యాభై రూపాయలే. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. అందుకే ఆయనకు శిక్ష వేయించాలన్న పట్టుదల పక్కన పెట్టి, కుక్కను డాక్టర్ ముందుకు చేర్చే దారి చూడండి. ఆ దారి ఇదే చట్టంలోని సెక్షన్ 34. కానిస్టేబుల్ కంటే పై హోదా ఉన్న ఏ పోలీసు అధికారైనా, నేరం జరుగుతోందని నమ్మితే, జంతువును స్వాధీనం చేసుకుని మేజిస్ట్రేట్ ముందో పశువైద్యాధికారి ముందో పరీక్షకు పెట్టవచ్చు.

పోలీసులు మీకు చెప్పింది సగం నిజం. ఈ క్లాజులు నాన్‌కాగ్నిజబుల్ (మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరాలు) కాబట్టి నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టలేరు. కానీ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 174 ప్రకారం మీరు చెప్పింది స్టేషన్ పుస్తకంలో ఎక్కించి, మిమ్మల్ని మేజిస్ట్రేట్ దగ్గరికి పంపాలి. మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఉంటే దర్యాప్తు చేయవచ్చు. సెక్షన్ 34 మాటల్లో కాగ్నిజబుల్ అన్న షరతే లేదు. ఫిర్యాదులో ఆ సెక్షన్ నంబరు వేసి, కుక్కను పరీక్ష చేయించమని విడిగా అడగండి.

ఫిర్యాదు బలమంతా వివరాల్లో ఉంటుంది. 'కుక్కను చిత్రహింసలు పెడుతున్నారు' అని రాస్తే ఎవరూ కదలరు. ఇలా రాయండి: 'ఫలానా తేదీ ఉదయం 9 నుంచి మర్నాడు సాయంత్రం 6 దాకా ఇంటికి తాళం. గొలుసు సుమారు రెండడుగులు, కుక్క నీడలోకి జరగలేకపోతోంది. గిన్నెలో నీళ్లు లేవు. మెడ కుడివైపు రూపాయి బిళ్లంత పుండు, అందులో పురుగులు.' ఒక పూట ఫొటోతో సరిపెట్టకండి. 'పనిమనిషి వచ్చి నీళ్లు పోస్తుంది' అన్నది ఇలాంటి కేసుల్లో మొదట వినిపించే జవాబు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, వరసగా కొన్ని రోజులు, మీ మేడ మీద నిలబడే తీయండి. ఒరిజినల్ ఫైళ్లు ఫోన్‌లోనే ఉంచండి, వాట్సాప్‌లో పంపినవాటికి తీసిన సమయం వివరాలు పోతాయి. కోర్టులో ఈ ఫొటోలకు భారతీయ సాక్ష్య అధినియం 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యం సర్టిఫికెట్ కావాలి. కాలనీ గ్రూపులో ఆయన పేరుతో పెడితే మాత్రం పరువు నష్టం గొడవ మీ మెడకు చుట్టుకుంటుంది.

ఫిర్యాదు కాపీలు జిల్లా జంతు హింస నివారణ సంఘానికి, జిల్లా పశుసంవర్ధక అధికారికి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. స్టేషన్‌లో తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. అయినా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 223 కింద ప్రైవేట్ కంప్లైంట్, అంటే మీరే నేరుగా కోర్టుకు ఇచ్చే ఫిర్యాదు, వేయవచ్చు. చాలామంది ఓడిపోయేది ఇక్కడే: జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 36 ప్రకారం నేరం జరిగిన మూడు నెలల్లోపే ప్రాసిక్యూషన్ మొదలవ్వాలి. మీకు రెండు నెలలు ఇప్పటికే గడిచాయి. పాత తేదీల మీద ఆధారపడకుండా ఈ వారం వివరాలతో రాయండి.

ఆయనకు జరిమానా కంటే ఖర్చు ఎక్కువ నొప్పి. అదే చట్టం సెక్షన్ 35 కింద మేజిస్ట్రేట్ కుక్కను చికిత్సకు పంపితే రవాణా, పోషణ, వైద్యం ఖర్చు యజమానే భరించాలి. ఈ మాట మీ కాలనీ పెద్దల ముందు మెల్లగా చెప్పించండి. 'తీసుకెళ్లండి' అన్నాడా, అక్కడికక్కడే తెల్లకాగితం మీద రాయించుకోండి: కుక్క జాతి, రంగు, వయసు, ఇష్టపూర్వకంగా ఇస్తున్నానన్న మాట, తేదీ, ఇద్దరు సాక్షుల సంతకాలు, టీకా కార్డు. ఆ కాగితం చేతికొస్తే మీ మీద దొంగతనం మాట ఎత్తడానికి ఆయనకు వీలుండదు.

ఈలోగా మీ వైపు నుంచి అందితే నీళ్లు ఇవ్వండి, అది నేరం కాదు. చిక్కిపోయిన కుక్కకు ఒకేసారి కడుపునిండా పెట్టకండి, కొద్దికొద్దిగా ఇవ్వాలి. మీరు పెట్టిన ప్రతిసారీ తేదీ, సమయం రాసుకోండి, లేకపోతే 'కుక్క బాగానే తింటోంది కదా' అన్న వాదనకు మీరే సాక్ష్యం అవుతారు. ఇంటికి తాళం ఉండగా కుక్క పడిపోతే 112కి ఫోన్ చేయండి. లోపలికి వెళ్లాల్సి వస్తే పోలీసులనే వెళ్లనివ్వండి.