ఎదురుపడని మందులకు ర్యాంకులా?

ప్రశ్న: మా నాన్నగారికి డాక్టరు డిప్రెషన్‌కు ఒక మందు రాశారు. 21 మందుల జాబితాలో అది నంబర్ వన్ కాదని మా తమ్ముడు ఫోన్‌లో చూపించాడు. ఆ మందుల్లో చాలావాటిని ఒకదానితో ఒకటి పోల్చనే లేదట. మరి ర్యాంకులు ఎలా ఇస్తారు మేడమ్? మందు మార్చమని అడగాలా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: గుంటూరు అమ్మాయివి కాబట్టి మిర్చి యార్డులోనే మొదలుపెడదాం. ఒక కొట్టులో తేజ రకం మిర్చిని 334 రకంతో పక్కన పెట్టి కారం చూశారు. ఇంకో కొట్టులో బ్యాడిగిని 334తో చూశారు. తేజ, బ్యాడిగి ఎదురుపడనే లేదు. తేజ మార్కుల్ని, బ్యాడిగి మార్కుల్ని తిన్నగా పోల్చకూడదు; ఒక కొట్టు గుమాస్తా నాలుక మొద్దుదై ఉండొచ్చు. 334తో ఉన్న తేడాలు తీసుకుని, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసివేయాలి. మందుల్లో ఆ 334 స్థానం తరచూ ప్లాసిబోది, అంటే మందులేని ఉత్తుత్తి మాత్రది. 1997లో బూఖర్ అనే పరిశోధకుడి బృందం ఈ తీసివేతను పద్ధతిగా రాసింది. నేరుగా పోల్చినవీ, ఇలా చుట్టుదారిన వచ్చినవీ కలిపి వలలా అల్లితే నెట్‌వర్క్ మెటా ఎనాలిసిస్.

చిక్కేమిటంటే, అంకెలు తీసివేస్తాం గానీ అనుమానాలు కూడుతాయి. రెండు మందుల్ని రోగుల మీద నేరుగా పోల్చిన ఒక ట్రయల్, అంటే పరీక్ష, ఇచ్చేంత భరోసా చుట్టుదారిలో రావాలంటే అదే సైజువి నాలుగు కావాలి, అటు రెండు, ఇటు రెండు. విజయవాడలో ముప్ఫై ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పాను. బోర్డు మీద వేరియన్సులు, అంటే అంకెలు ఎంత ఊగుతాయో చెప్పే కొలతలు, కూడి చూపించేదాకా ఈ ముక్క ఏ బ్యాచీ నమ్మలేదు!

ఒక కొట్టువాళ్లు ఈ ఏటి పంట చూసి, రెండోవాళ్లు ఏడాదిగా కోల్డ్ స్టోరేజీలో పడున్న సరుకు చూస్తే? లెక్క ఒప్పే, పోలికే చెల్లదు. ఒక ట్రయల్లో జబ్బు ముదిరినవాళ్లు, ఇంకోదాంట్లో మొన్న మొన్న మొదలైనవాళ్లు ఉన్నా ఇదే గొడవ.

మీ తమ్ముడు చూపించింది 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన సిప్రియానీ బృందం పని అయ్యుండాలి. 522 ట్రయల్స్, 1,16,477 మంది. 21 మందులూ ప్లాసిబో కంటే బాగానే పనిచేశాయి. గుణంలో పైన నిలిచింది ఎమిట్రిప్టిలిన్. ప్లాసిబో కంటే తక్కువమంది మధ్యలో మానేసినవి మాత్రం ఎగోమెలటిన్, ఫ్లూఒక్సెటిన్. ఇక నంబర్ వన్ ఏది? పైగా చూసింది ఇంచుమించు 8 వారాల ఫలితం.

కాబట్టి ర్యాంకు పట్టుకుని మందు మార్చమని అడగొద్దు, సొంతంగా ఆపొద్దు. నాన్నగారు రాత్రి ఎన్ని గంటలకు నిద్రపోతున్నారు, అన్నం సరిగా తింటున్నారా, నోరు ఎండిపోతోందా అన్నది వారం రోజులు రాసి, ఆ కాగితం డాక్టరుగారికి చూపించమ్మా.