డాకింగ్ స్కోరు బాగా వస్తే ఆ మందు వైరస్ ఎంజైమ్‌ను ఆపినట్టేనా?

కాదు. డాకింగ్ అంటే ఒక మందు అణువు ఎంజైమ్‌లో ఎంత బాగా ఇముడుతుందో కంప్యూటర్‌తో వేసే అంచనా, అంతే. ఈ ఒక్క ముక్క మా చంద్రగిరి పిన్నమ్మకు ఎక్కించడం మాత్రం ఇప్పటికీ నా వల్ల కాలేదు.

2020 లాక్‌డౌన్‌లో తిరుపతిలో ఎమ్మెస్సీ చివరికొచ్చాను. ల్యాబులకు తాళాలు పడ్డాయి, ప్రాజెక్టు మాత్రం ఇచ్చి తీరాలి. ల్యాప్‌టాప్ సంకనేసుకుని పిన్నమ్మ ఇంట్లో దిగాను. కరోనా మెయిన్ ప్రొటియేజ్ నిర్మాణం, 6ఎల్‌యూ7 అనే ఫైలు, అప్పటికే అందరికీ ఉచితంగా దొరుకుతోంది. వైరస్ తన పనిముట్లను ఒకే పొడుగాటి దండగా తయారుచేస్తే, దాన్ని తుంచే కత్తెర ఈ ఎంజైమ్.

పిన్నమ్మ ఇంట్లో నేలవేము కషాయం తాగనిదే టిఫిన్ పెట్టరు. ఆ చేదు మీద కసితో అందులోని ఆండ్రోగ్రాఫోలైడ్ అనే చేదు పదార్థాన్నే ఆటోడాక్ వినా అనే డాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను. స్కోరు మైనస్ 7.4 వచ్చింది, మైనస్‌లో ఎంత కిందికి పోతే అంత గట్టిగా అతుకుతుందని లెక్క. నోరు ఊరుకోక వంటింట్లోకి వెళ్లి, "పిన్నమ్మా, నీ కషాయం కరోనా ఎంజైమ్‌కి భలే అతుక్కుంటా ఉంది" అన్నాను. సాయంత్రానికి కుటుంబం గ్రూపులో "మా పిల్లోడు కరోనాకి మందు కనిపెట్టినాడు" అని వచ్చేసింది. పుత్తూరు మామ ఫోన్ చేసి, "రోజుకి ఎన్ని గ్లాసులు అబ్బోడా?" అన్నాడు.

గైడ్ సారుకు పంపితే మొదటి ప్రశ్నే, "ఎంజైమ్‌ను ఒంటిగా పెట్టావా?" అని. అది పనిచేసేది జంటగా. ఫైల్లో కనిపించేది ఒక్కటే, రెండోదాన్ని మనమే తయారుచేసుకోవాలి. నాకది తట్టనే లేదు. "స్కోరంటే జాతకాలు కలవడమయ్యా. కాపురం చూడాలంటే సిమ్యులేషన్ నడుపు" అన్నారాయన.

ఎంజైమ్ జంటను నేలవేము అణువుతో సహా కంప్యూటర్లోనే నీళ్ల పెట్టెలో ముంచి, అణువుల కదలికను అడుగడుగునా లెక్కగట్టే గ్రోమాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో 100 నానోసెకన్లు పెట్టాను. నానోసెకనులో పదిలక్షో వంతు ఫెమ్టోసెకను. అడుగుకు 2 ఫెమ్టోసెకన్లు, అంటే 5 కోట్ల అడుగులు. దానికోసం తమ్ముడి గేమింగ్ కంప్యూటర్ లాక్కున్నాను, వాడు వారం మాట్లాడలేదు. కరెంటు రెండుసార్లు పోయింది. అప్పటిదాకా అయిన లెక్కను దాచిపెట్టే చెక్‌పాయింట్ ఫైలు ఉండబట్టి సరిపోయింది, లేకుంటే మళ్లీ మొదటికే. ఒకరోజు పొద్దున్నే వీడియో తిప్పి చూస్తే, 40 నానోసెకన్ల దగ్గర మన నేలవేము అణువు ఎంజైమ్‌లోని పాకెట్‌లోంచి, అంటే మందు కూర్చునే గుంతలోంచి, జారిపోయి నీళ్లలో షికారు చేస్తోంది!

ఆ ఏడాది తులసి, పసుపు, వేప, ఏది దొరికితే దాన్ని డాక్ చేసి పేపర్లు వేసేశారు. ఒక స్కోరు పట్టిక, ఒక రంగుల బొమ్మ, చివర "మరింత పరిశోధన అవసరం". ఆ మరింత చేసేవాడెవడు? డబ్బులిస్తే ఆ పట్టిక కూడా వాళ్లే చేసిపెట్టే ప్రాజెక్టు సెంటర్లు వేరే.

కరోనా మందు పాక్స్‌లోవిడ్‌లోని నిర్మాట్రెల్విర్ ఈ ఎంజైమ్‌లో 145వ స్థానంలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో రసాయన బంధమే వేసుకుంటుంది. మామూలు డాకింగ్‌కు ఆ బంధం కనిపించదు. అట్లాగని కంప్యూటర్ దండగ అననులే. ఇదే ఎంజైమ్‌ను ఆపే జపాన్ మందు ఎన్సిట్రెల్విర్‌కు తొలి ఆచూకీ వర్చువల్ స్క్రీనింగ్‌లోనే, అంటే అణువులను కంప్యూటర్లో జల్లెడ పట్టడంలోనే, దొరికింది. కాకపోతే వాళ్లు అక్కడ ఆగలేదు. ల్యాబులో పరీక్షించి, అణువును మార్చి మార్చి చెక్కారు.

సిమ్యులేషన్ సంగతి నిజాయితీగా మా గ్రూపులోనూ పెట్టాను. రెండు బొటనవేళ్లు వచ్చాయి, అందులో ఒకటి పిన్నమ్మదే. మర్నాడు పొద్దున గ్లాసు మామూలే.