ఎండ తక్కువ పడే పెరట్లో కనకాంబరం

పక్కింటి మేడ నీడ పడుతున్న పెరట్లో ఏ పూల మొక్క బతుకుతుందని అడిగారు. కనకాంబరం వేయండి. ఇంకో ఆలోచన పెట్టుకోకండి.

మాదీ అదే పరిస్థితి. పక్కన అపార్ట్‌మెంట్ లేచాక మా పెరట్లో రోజుకి రెండు మూడు గంటలు ఎండ పడితే గొప్ప. మల్లెపొద పచ్చగానే ఉంది గానీ మొగ్గ వేయడం మానేసింది. గులాబీలు పోయాయి.

అప్పుడు మా అత్తయ్య ఊరి నుంచి ఎండిన కనకాంబరం కంకులు పొట్లం కట్టి తెచ్చారు. నేను వాటిని ఒలవబోతుంటే, "ఎందుకమ్మా ఆ తిప్పలు, ఇలా చూడు" అంటూ గిన్నెలో నీళ్లు పోసి కంకులు అందులో వేశారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత టప్, టప్‌మని కాయలు పేలడం మొదలైంది. ఒక గింజ ఎగిరొచ్చి నా బుగ్గకి తగిలింది, ఇంకోటి స్టవ్ కిందికి పోయింది. మా పాప పడీపడీ నవ్వింది. తడి తగిలితే కాయ చీలి గింజను దూరంగా విసిరేస్తుంది. వానాకాలంలో తనంతట తానే మొలవడానికి ఆ ఏర్పాటు. ఇప్పుడు మా గోడ పొడవునా అవే. తొలకరికి మెట్ల సందుల్లో కూడా మొలుస్తున్నాయి.

అంతకుముందు ఒక నర్సరీలో అడిగితే ఢిల్లీ కనకాంబరం ఇచ్చారు. పూలు పెద్దవి, బాగుంటాయి, కాదనను. కానీ అది గింజ కట్టదు, కొమ్మలు నాటుకోవాల్సిందే. ఆ ముక్క అమ్మేటప్పుడు చెప్పొద్దా? రెండేళ్లు గింజల కోసం ఎదురుచూశాను. కనకాంబరం దక్షిణ భారతం, శ్రీలంకల సొంత మొక్క. నర్సరీల్లో దీన్ని వెనక వరసలో పడేసి, నోరు తిరగని పేర్ల విదేశీ మొక్కలు ముందు పెడితే బాధగా ఉంటుంది. వాసన లేదని తీసిపారేసేవాళ్లన్నా నాకు కోపమే. మల్లె, మరువం మధ్య ఆ రంగు లేకపోతే కదంబానికి అందమేది?

మరీ చీకటి మూలలో వేయకండి, ఆకులే వస్తాయి. నీళ్లు నిలవనివ్వకండి. పూలు కోసేటప్పుడు కంకి తుంచొద్దు, పువ్వును మాత్రం మెల్లగా లాగండి. కింది పూలు అయ్యాక పైవి విచ్చుకుంటాయి. మొక్క గిడసబారి పసుపెక్కితే ఒకటి పీకి చూడండి. వేళ్లకు ముడులుంటే నులిపురుగులు (మట్టిలో ఉండి వేళ్లను పట్టే సన్నటి పురుగులు) పట్టినట్టే. ఆ చోట ఒక పంట బంతి వేసి, తర్వాత వేపపిండి కలిపి కనకాంబరం నాటండి.

నాలుగైదు కంకులు మాత్రం మొక్క మీదే ఎండనివ్వండి. నీళ్లలో వేసేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి.