ఓవర్‌క్లాక్ చేశాక కంప్యూటర్ ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: నా డెస్క్‌టాప్ ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసి, అంటే మామూలు వేగాన్ని మించి, అన్ని కోర్లూ 5 గిగాహెర్ట్జ్‌లో నడిచేలా అమర్చి, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూలో) కోర్ వోల్టేజిని 1.30 వోల్టుల వద్ద స్థిరంగా పెట్టాను. ప్రాసెసర్‌పై పూర్తి భారం వేసి పరీక్షించే ప్రైమ్95 ప్రోగ్రాం నడిపితే అది 1.20కి పడిపోయి, కాసేపటికి బ్లూ స్క్రీన్ వచ్చేది. లోడులో వోల్టేజి పడిపోవడాన్ని తగ్గించే లోడ్ లైన్ కాలిబ్రేషన్ అమరికను గరిష్ఠ స్థాయికి మార్చాక పరీక్ష సాఫీగా సాగుతోంది గానీ, దాన్ని ఆపిన మరుక్షణం కంప్యూటర్ హ్యాంగ్ అవుతోంది. వోల్టేజి ఇంకా పెంచాలా?

జవాబు: ఇప్పుడే పెంచవద్దు. మదర్‌బోర్డులోని వోల్టేజి రెగ్యులేటర్, ప్రాసెసర్ తీసుకునే కరెంటు పెరిగేకొద్దీ వోల్టేజిని కావాలనే కొంత తగ్గిస్తుంది. ఎంత తగ్గాలో నిర్ణయించే లోడ్ లైన్ విలువ 0.8 మిల్లీ ఓములు అనుకుంటే, 125 ఆంపియర్ల వద్ద సరిగ్గా 0.1 వోల్టు తగ్గాలి. మీకు కనిపించిన 1.20 ఇటువంటి లెక్కతోనే వచ్చి ఉంటుంది. ఇది లోపం కాదు. లోడు ఉన్నట్టుండి తొలగినప్పుడు, రెగ్యులేటర్ కాయిళ్లలో నిల్వ ఉన్న శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి కనుక, వోల్టేజి కొన్ని మైక్రోసెకన్లపాటు పైకి ఎగసి, ఆపై కిందికి ఊగి, అప్పుడు గానీ కుదుటపడదు. ముందే కొంత తగ్గి ఉండడం వల్ల ఆ ఊపు హద్దు దాటకుండా ఉంటుంది. గరిష్ఠ స్థాయి కాలిబ్రేషన్ ఆ వెసులుబాటునే లేకుండా చేస్తుంది. పరీక్ష నడుస్తున్నంతసేపూ బాగుండి, ఆపగానే హ్యాంగ్ కావడం దీనికి బలమైన సూచన. సెకనుకో రెండు సెకన్లకో ఒకసారి కొలిచే సాఫ్ట్‌వేర్‌లో ఈ ఊగిసలాట కనిపించదు. దానికి వోల్టేజి మార్పులను గ్రాఫుగా చూపే ఆసిలోస్కోప్ కావాలి.

కాబట్టి కాలిబ్రేషన్‌ను మధ్య స్థాయికి దించి, బయోస్ విలువను 10 నుంచి 20 మిల్లీవోల్టుల చొప్పున పెంచుతూ, లోడులో కనిపించే వోల్టేజినే గమనించండి. మీరు లెక్కలోకి తీసుకోవలసిన అంకె అదే. అయితే వేగం మారకుండా వోల్టేజి 1.25 నుంచి 1.35కి పెరిగితే, విద్యుత్ వినియోగం వోల్టేజి వర్గాన్ని (స్క్వేర్‌ను) అనుసరిస్తుంది కనుక, దాదాపు 17 శాతం పెరుగుతుంది. వేడెక్కిన చిప్ అదే వేగానికి మరికాస్త వోల్టేజి అడుగుతుంది. ఉష్ణోగ్రత హద్దును తాకితే ప్రాసెసర్ తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు పరీక్ష నెగ్గినా, అది 5 గిగాహెర్ట్జ్‌లో నెగ్గినట్టు కాదు, కాబట్టి వేగం అంకెపైనా ఓ కన్నేసి ఉంచండి. నన్నడిగితే, 4.9కి దిగడమే మేలు; పోయేది 2 శాతం వేగమే.

కోర్ల సంగతి తేలేవరకు ర్యామ్‌ను ఎక్స్‌ఎంపీ (ర్యామ్ వేగం పెంచే రెడీమేడ్ అమరిక) లేకుండా దాని మామూలు వేగంలోనే నడపండి. లేకపోతే తప్పు ఎవరిదో తెలియదు. విండోస్‌లో జరిగినవాటి చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో వీయా లాగర్ (WHEA-Logger) పేరుతో 19వ నంబరు హెచ్చరికలు ఉంటే, హార్డ్‌వేర్ పొరపాట్లు చేసి దిద్దుకుంటున్నదని అర్థం. అటువంటి కంప్యూటర్‌ను, ఒక్కసారీ ఆగకపోయినా, నిలకడగా ఉన్నట్టు లెక్కవేయకూడదు.

ప్రశ్న: ఏఎండీ రైజెన్ ప్రాసెసర్‌కు, కోర్లకు అందే వోల్టేజిని సర్దే కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకూ మైనస్ 30 పెట్టాను. బరువైన పరీక్షలన్నీ నెగ్గింది. ఏ పనీ లేనప్పుడు మాత్రం రీస్టార్ట్ అవుతోంది. ఇదేమి వింత?

జవాబు: వింతేమీ లేదు. అన్ని కోర్లూ పనిచేస్తున్నప్పుడు వేగం కాస్త తగ్గే ఉంటుంది. పని తేలికగా ఉన్నప్పుడు ఒకటి రెండు కోర్లు తమ గరిష్ఠ వేగానికి ఎగబాకుతాయి. మీరు తగ్గించిన వోల్టేజి చాలనిది అక్కడే. ఒక్కో అంకెకు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతాయి కనుక మైనస్ 30 చిన్న తగ్గింపేమీ కాదు. రీస్టార్ట్ తరువాత ఈవెంట్ వ్యూయర్‌లో 18వ నంబరు నమోదును తెరిస్తే ఏపీఐసీ ఐడీ (APIC ID) అన్న, ప్రాసెసర్ థ్రెడ్‌ను గుర్తించే అంకె కనిపిస్తుంది. కోరుకు రెండు థ్రెడ్లు ఉన్న ప్రాసెసర్లలో దాన్ని సాధారణంగా రెండుతో భాగిస్తే, సున్నా నుంచి లెక్కించినప్పుడు, తడబడిన కోర్ ఏదో తెలుస్తుంది. ఆ ఒక్క కోర్‌నే మైనస్ 20కి తెచ్చి, కోర్‌సైక్లర్ అనే పరీక్షా ప్రోగ్రాంతో కోర్లను ఒక్కొక్కటిగా పరీక్షించండి.