పిల్లల స్లీప్ ఆప్నియా: రాత్రి ఆక్సీమీటర్‌లో 98 వస్తే నిశ్చింతగా ఉండొచ్చా?

మీ బాబుకు ఐదేళ్లు, టాన్సిల్స్, ఎడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) పెరిగి స్లీప్ ఆప్నియా (నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగిపోవడం) ఉండొచ్చని డాక్టర్ అన్నారు, ఈలోగా రాత్రిళ్లు వేలికి ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే క్లిప్పు) పెడితే 97, 98 వస్తోంది, ఇంకా స్లీప్ స్టడీ (రాత్రంతా నిద్రను గమనించే పరీక్ష) అవసరమా అని అడిగారు. అవసరమేనండి. ఆ అంకె చూసి మాత్రం మానుకోవద్దు.

మా పాపకు నాలుగేళ్లప్పుడు ఇదే టెన్షన్ పడ్డాం. నోరు తెరుచుకుని, మెడ వెనక్కి వాల్చి పడుకునేది. ఫ్యాన్ కింద కూడా తల చెమటతో తడిసిపోయేది. గురక ఉన్నట్టుండి ఆగిపోయేది. ఛాతీ కదులుతూనే ఉండేది, డొక్కలు లోపలికి పీక్కుపోయేవి, గాలి మాత్రం ఆడేది కాదు. కాసేపటికి ఒక్కసారిగా ఊపిరి లాక్కుని అటు తిరిగి పడుకునేది. మేము లైటు వేసి క్లిప్పు తగిలించేసరికి ఆ కదలికకే గొంతు తెరుచుకునేది, 98 చూపించేది. ఊపిరి ఆగిన కొన్ని సెకన్ల తర్వాత గానీ వేలి దగ్గర ఆక్సిజన్ తగ్గినట్టు తెలియదు. అంతలోనే మళ్లీ పెరిగిపోతుంది కూడా.

ఇంకో సంగతి, కొందరు పిల్లల్లో ఆక్సిజన్ పెద్దగా పడిపోదు. అంతకంటే ముందే మెదడు వాళ్లను కుదిపి లేపేస్తుంది. రాత్రంతా ఇలా నిద్ర తెగిపోతుంటే పగలు చిరాకు, కుదురు లేకపోవడం, మళ్లీ పక్క తడపడం మొదలవుతాయి. స్లీప్ స్టడీలో ఊపిరి, మెదడు తరంగాలు, ఆక్సిజన్ అన్నీ కలిపి చూస్తారు కాబట్టి ఇది బయటపడుతుంది.

పెద్దవాళ్ల క్లిప్పు పిల్లల వేలికి వదులుగా ఉండి తప్పు చూపిస్తుంది. చల్లబడ్డ చేతులకూ, గోరింటాకు పెట్టిన గోళ్లకూ సరిగ్గా చూపించకపోవచ్చు. మా డాక్టర్ రాత్రంతా రికార్డు చేసే మెషిన్ ఇప్పించారు. దాని సెన్సర్ పట్టీలా ఉంటుంది. కాలి బొటనవేలికి చుట్టి పైన సాక్సు వేస్తే పాప పీకేయలేదు. అందులో డాక్టర్లు చూసేది ఒక్క అంకెను కాదు, గ్రాఫును. నిద్రలో పిల్లలకు మామూలుగా 95 పైనే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి కాస్త తగ్గితే కంగారు లేదు. వెంటవెంటనే గుంపులుగా పడిపోతూ, మాటిమాటికీ 90 కిందికి వెళ్తుంటే టాన్సిల్స్, ఎడినాయిడ్స్ తీసేసే ఆపరేషన్ త్వరగా చేయాలంటారు. గ్రాఫు బాగున్నా ఆప్నియా లేదని తేల్చెయ్యరు.

మీరు ఈ రాత్రే చేయగలిగింది వీడియో తీయడం. చొక్కా పైకెత్తి, ఛాతీ, పొట్ట, ముఖం కనబడేలా రెండు మూడు నిమిషాలు తీయండి, సౌండ్ కూడా ఉండాలి. తెల్లవారుజామున తీస్తే మంచిది. కలల నిద్ర అప్పుడే ఎక్కువ, పిల్లలకు ఊపిరి అడ్డుపడటం కూడా ఆ నిద్రలోనే ఎక్కువ. మా డాక్టర్ మేము చెప్పినదానికంటే వీడియో చూసే ఎక్కువ అర్థం చేసుకున్నారు.

పెదాలు నీలంగా మారినా, లేపితే సరిగ్గా లేవకపోయినా, మెలకువలో కూడా ఎగశ్వాస ఉన్నా అంకె కోసం చూడకుండా హాస్పిటల్‌కు తీసుకెళ్లండి. ఎవరో చెప్పారని ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ మాత్రం పెట్టకండి. అంకె పెరుగుతుంది గానీ గొంతులో అడ్డు అలాగే ఉంటుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవచ్చు.

ఆపరేషన్ దాకా వస్తే మత్తు డాక్టర్‌కు ఆప్నియా సంగతి, ఆ గ్రాఫు తప్పకుండా చూపించండి. మూడేళ్ల లోపు పిల్లలనూ, ఆప్నియా తీవ్రంగా ఉన్నవాళ్లనూ ఆ రాత్రి హాస్పిటల్‌లోనే మానిటర్ పెట్టి ఉంచాలి. నొప్పికి కోడైన్ ఉన్న మందు మాత్రం వద్దు. అది ఊపిరిని మందగింపజేస్తుంది, పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదు. ఆపరేషన్ అయిన రెండు నెలలకు కూడా గురక ఉంటే, ముఖ్యంగా బాబు బరువు ఎక్కువైతే, మళ్లీ స్టడీ చేయమని అడగండి.