అవసరాన్ని బట్టి జీవులు మారతాయా?

ప్రశ్న: పరిసరాలకు తగినట్టు జీవులు తమను తాము మార్చుకోవడమే జీవపరిణామమని చదువుకున్నాం. యాంటీబయాటిక్ మందులు వాడేకొద్దీ బాక్టీరియా వాటిని తట్టుకోవడం నేర్చుకుంటుందని కూడా వింటుంటాం. అలాగైతే ఎన్నో జాతులు మారలేక ఎందుకు అంతరించిపోయాయి? – ఒక పాఠకురాలు

జవాబు: మీ సందేహం సబబైనదే. అవసరం పడగానే మారగల శక్తి జీవులకు ఉంటే ఏ జాతీ అంతరించి ఉండేది కాదు. పరిణామంలో ఒక్కొక్క జీవి మారదు. తరాలు గడిచేకొద్దీ ఆ సమూహంలో ఏ లక్షణం ఉన్నవి ఎన్ని అన్న నిష్పత్తి మారుతుంది.

బాక్టీరియా సంగతే చూడండి. మందు తగిలాక వాటిలో మార్పు వస్తుందా, లేక మందును తట్టుకోగలిగినవి ముందునుంచే కొన్ని ఉంటాయా అన్న ప్రశ్నకు 1952లో అమెరికా శాస్త్రవేత్తలు జాషువా, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు ఆశ్చర్యం కలిగించేంత తేలిక పద్ధతిలో జవాబు రాబట్టారు. మందు కలపని పళ్లెంలో బాక్టీరియాను పెంచి, దాని మీద మఖమల్ గుడ్డను అద్ది, అదే గుడ్డను స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందు కలిపిన పళ్లేలపై వరుసగా అద్దారు. దీనివల్ల మొదటి పళ్లెంలో ఎక్కడున్న బాక్టీరియా మిగిలిన పళ్లేల్లోనూ అదే చోటికి చేరుతుంది. మందున్న పళ్లేల్లో దాదాపు అన్నీ చచ్చిపోగా, బతికి పెరిగిన కొద్దిపాటి గుంపులు అన్ని పళ్లేల్లోనూ ఒకే చోట కనిపించాయి. మందు ప్రభావంతోనే మార్పు వచ్చి ఉంటే అవి ఒక్కో పళ్లెంలో ఒక్కో చోట కనిపించాలి కదా. పైగా మొదటి పళ్లెంలో సరిగ్గా ఆ చోటినుంచే తీసిన బాక్టీరియాలో, అంటే మందు వాసన కూడా తెలియని వాటిలో, దాన్ని తట్టుకునేవి ఎక్కువగా దొరికాయి.

కణం విభజన చెందేటప్పుడు జన్యుపదార్థం నకలులో దొర్లే తప్పులే ఈ తేడాలకు మూలం. అవి ఆ జీవి అవసరాన్ని చూసుకుని రావు. చాలావరకు వాటివల్ల లాభమూ ఉండదు. నిరోధక జన్యువులు ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి చేరడం కూడా ఉన్నా, అక్కడా మందు చేసే పని ఏరివేతే. అనువైన పరిస్థితుల్లో ఇరవై నిమిషాలకు ఒకసారి రెట్టింపయ్యే బాక్టీరియాలో పనికొచ్చే తేడా దొరికే అవకాశం ఎక్కువ. కొద్ది సంఖ్యలో ఉండి, ఏళ్లకొకసారి పిల్లల్ని కనే పెద్ద జంతువులకు ఆ వెసులుబాటు లేదు.

పరిణామం ఎప్పుడూ మెరుగుదల వైపే సాగుతుందన్న అభిప్రాయమూ సరికాదు. పసిఫిక్ మహాసముద్రంలోని గాలపాగోస్ దీవుల్లో ఒకటైన డాఫ్నే మేజర్‌లో శాస్త్రవేత్తలు పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు ఫించ్ అనే చిన్న పక్షుల ముక్కులను ఏళ్ల తరబడి కొలిచారు. 1977 కరువులో చిన్న గింజలు అయిపోయి, పల్లేరు జాతి మొక్కల గట్టి ముళ్లకాయల వంటివి మిగలగా, వాటిని పగలగొట్టగల పెద్ద ముక్కు పక్షులే ఎక్కువగా బతికాయి. వాటి పిల్లలకూ సగటున పెద్ద ముక్కులే వచ్చాయి. 1983లో కుండపోత వానల తర్వాత చిన్న గింజలు పుష్కలం కావడంతో, ఆపై ఏళ్లలో చిన్న ముక్కు పక్షులదే పైచేయి అయింది. ఈ రెంటిలో ఏది మెరుగైన ముక్కు అని అడిగితే, ఏ ఏడాది సంగతో చెప్పకుండా జవాబివ్వలేం.

ప్రశ్న: మనిషి కోతి నుంచి వస్తే ఇంకా కోతులెందుకు ఉన్నాయి? – మరొక పాఠకుడు

జవాబు: నేటి కోతులేవీ మనకు పూర్వీకులు కావు. పెదనాన్న పిల్లలకూ మనకూ తాతగారు ఒక్కరే అయినట్టు, చింపాంజీలకూ మనకూ ఉమ్మడి పూర్వీకులున్నారు. సుమారు 60–70 లక్షల ఏళ్ల క్రితం రెండు శాఖలూ వేరుపడ్డాయని అంచనా. ఆ తర్వాత చింపాంజీలు కూడా మారుతూనే వచ్చాయి. ఉమ్మడి పూర్వీకులున్నారనడానికి ఒక ఆనవాలు క్రోమోజోముల్లో, అంటే కణంలో జన్యుపదార్థాన్ని మోసే పోగుల్లో, దొరుకుతుంది. చింపాంజీలకు 24 జతల క్రోమోజోములుండగా మనకు 23 జతలే ఉన్నాయి. మన రెండో క్రోమోజోము నడుమ, ఒకప్పుడు విడివిడిగా ఉన్న రెండు క్రోమోజోముల కొసలు అతుక్కున్న జాడ నేటికీ కనిపిస్తుంది.